పుత్తూరులో పెట్టినాం

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఎవరిదో రెండంతస్తుల ఇంటి ప్లాను పరుచుకుని, మెట్లు ఏ మూలన పెట్టాలా అని తల పట్టుకుని కూర్చున్నాను. హాల్లోంచి ఆరు స్వరాలు వినిపించాయి. మూడు పైకెక్కి, ఒకటి కాసేపు ఆగి, రెండు కిందికి దిగాయి. అంతే, నా నోట్లో ఉడకేసిన చెనక్కాయల ఉప్పు తగిలింది. చేతిలో స్కేలు జారి కింద పడింది. పాతికేళ్ళ కింద ఆ స్వరాలు డబ్బా టీవీలోంచి గరగరమంటూ వచ్చేవి. ఇప్పుడు వయొలిన్లు, వేణువులు చేరి పెళ్ళికూతురిలా ముస్తాబై వచ్చాయి. ఎంత ముస్తాబైతే మాత్రం నేను గుర్తుపట్టనా?

లేచి వెళ్ళి చూస్తే మా బావ దివాన్ మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతుల్లో పట్టే గేమ్ మిషన్ ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. బావ అంటే మా మేనమామ కొడుకు, నా మొగుడు. బ్యాంకులో పని. వారమంతా కౌంటర్లో జనంతో వేగినందుకు ఆదివారం తనకిదే మందు అంటాడు.

"యాడిది బావా ఆ పాట?"

"పాత గేమంట మే. మనం చిన్నపిల్లోళ్ళుగా ఉన్నప్పటిది. ఇప్పుడు బొమ్మలూ పాటలూ మార్చి దీంట్లోకి తెచ్చినారు. అంతా ఇంగ్లీషే. మనం నడస్తా ఉంటే చాలు, మ్యాపు అదే గీసుకుంటాది. యాడ కావాలంటే ఆడ ఆపి దాచిపెట్టుకోవచ్చు. సూడు, ఈ ఊరి పేరు లార్న్‌విక్ అంట."

"అది పుత్తూరు."

"ఏందీ?"

"పుత్తూరు. ఆ పాట పుత్తూరులో కట్టు కట్టినప్పుడు వస్తాది."

బావ మిషన్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. నిన్నగాక మొన్న కొన్నాడు, అప్పుడే కొండ దాకా వచ్చేశాడట. చిన్నప్పుడు మేము ఒక వేసవి, ఒక వానాకాలం, దాని తరువాత చలికాలం కూడా పోసి చేరుకున్న కొండ అది. దారి తప్పకుండా, పెన్సిల్ చెక్కకుండా, ఎవరి చేతా మాట పడకుండా ఈయన చేరిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే ఇది ఈ రోజు పుట్టిన మంట కాదు. నాలో ఈ కుళ్ళు పదమూడో ఏట మునిరత్నం సార్ ఇంట్లో పుట్టింది. దాన్ని చూసి కూడా చూడనట్టున్న మనిషి ఆయన. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే ముందు నా కుళ్ళు గురించే చెప్పాలి.

మునిరత్నం సార్ మా హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేవారు. బక్కపల్చటి మనిషి, చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ముక్క. శని, ఆదివారాలు ఇంటి వరండాలో ఊరికే బొమ్మలు నేర్పేవారు. మొదట్లో పదిమంది పిల్లలం వెళ్ళాం. నెల తిరిగేసరికి ఇద్దరం మిగిలాం, నేను, నూర్జహాన్. నూర్జహాన్ వాళ్ళ నాయన టైలరు. నాది, ఆమెది ఒకే తరగతి, ఒకే బెంచీ. సార్‌కి పిల్లలు లేరు. సార్ భార్యను మేము అమ్మా అనే పిలిచేవాళ్ళం. ఆమె పెద్ద గిన్నెతో చెనక్కాయలు ఉడకేసి మా మధ్యలో పెట్టి వెళ్ళేది.

సార్ తమ్ముడు ఓడలో వంటవాడు. ఒకసారి మద్రాసులో దిగినప్పుడు జపాను నుంచి తెచ్చిన టీవీ గేమ్ పెట్టె, ఒక క్యాసెట్టు అన్నకు ఇచ్చి వెళ్ళాడు. ఆ క్యాసెట్టులో కత్తి పట్టుకున్న ఒక కుర్రవాడు ఊళ్ళు తిరుగుతాడు, మనుషులతో మాట్లాడతాడు, రాక్షసులతో కొట్లాడతాడు, చివరికి ఒక కొండ ఎక్కాలి. మాటలన్నీ జపాను అక్షరాల్లో ఉండేవి. మాకెవరికీ ఒక్క ముక్క రాదు. ఇంకొకరైతే విసిరి పారేసేవారు. సార్ మాత్రం టీవీ ముందు గళ్ళ కాగితాలు పరిచి, "భాష రాకపోతే ఏమబ్బా, దారి ఉండాది కదా. అడుగుకి ఒక గడి. నడస్తా గీయండి. చూడకుండా గీసినప్పుడే దారి తెలిసినట్టు" అన్నారు. అట్లా ఆ ఆట మాకు డ్రాయింగు క్లాసైంది.

ఊళ్ళ పేర్లు చదవలేక మేమే పేర్లు పెట్టుకున్నాం. మొదటి కొట్లాటలోనే మా కుర్రవాడికి దెబ్బలు తగిలి, కుంటుకుంటూ ఒక ఊళ్ళోకి వచ్చిపడ్డాడు. ఒక ఇంట్లో గడ్డం తాత చెయ్యి పట్టుకోగానే ఆరు స్వరాలు మోగాయి, మనవాడు లేచి నిలబడ్డాడు. సార్ చప్పట్లు కొట్టి, "ఇది పుత్తూరే! కట్టు కట్టినారు సూడండి!" అని కేకేశారు. లోపలి నుంచి అమ్మ, "మా అన్నకి అట్లే విరిగిన మోచెయ్యి బాగు చేసినారు" అంది. ఇక ఆ ఊరు పుత్తూరే. పూల అంగళ్ళ మధ్య అమ్మవారి బొమ్మలాంటిది నిలబడ్డ ఊరు తిరుచానూరు. కొండకు మెట్లు మొదలయ్యే చోటు అలిపిరి. దారిలో మన సామాను లాక్కుని పారిపోయే గోధుమరంగు జంతువుకు వేరే పేరు ఎందుకు, అలిపిరి కోతి అన్నాం.

ఆట ఎక్కడ ఆపామో ఆ క్యాసెట్టు గుర్తుపెట్టుకునేది. అలాంటి చోట్లు దాంట్లో మూడు ఉండేవి. మొదటిది సార్ ఒక్కరే ఆడుకునేది, రెండోది మా ముగ్గురిది, మూడోది ఖాళీ. దాచడానికి మేము వాడిన మాట 'పెట్టడం'. సార్ ఒక నియమం పెట్టారు. ఆట ఆపేముందు ఎవరు పెడితే వాళ్ళు పైకి చెప్పాలి, "పుత్తూరులో పెట్టినాం" అని. చెప్పి, నోట్‌బుక్‌లో ఊరి పేరు రాసి పక్కన తన పేరులోని మొదటి అక్షరం వేయాలి. నాదైతే సు, నూర్జహాన్‌దైతే నూ. మొదటి తెర మీద నాలుగు వరుసలు ఉండేవి. నాలుగోది నొక్కితే మనం ఎంచుకున్న చోట పెట్టినదంతా చెరిగిపోతుంది. సార్ తెలియక ఒకసారి తనది చెరుపుకున్నారు. అందుకే, "నాలుగోదాని జోలికి పోవద్దు తల్లీ" అని దండం పెట్టి మరీ చెప్పారు.

దారులు కనిపెట్టడంలో నాకు సాటి లేదు. ఏ గోడ వెనక సందుందో, ఏ తలుపు దొంగ తలుపో నాకు ఇట్టే తెలిసిపోయేది. కానీ నేను గీసిన మ్యాపు చూసి సార్ ప్రతిసారీ ఏదో ఒకటి అనేవారు. "దారి కరెక్టే పాపా. గీత మాత్రం పరిగెత్తతా ఉండాది. యాడికి పోవాలని దానికి అంత తొందర?" "ఈ మూల సూడు, అన్నం తినకుండా వచ్చి గీసినట్టుండాది." నూర్జహాన్ కాగితం చేతికి వస్తే ఏమీ అనేవారు కాదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవారు. చాలాసేపు చూసి జాగ్రత్తగా కింద పెట్టేవారు. నా కాగితాన్ని అట్లా ఒక్కసారి వెలుతురుకి పట్టుకుంటే చాలని, ఇంటికెళ్ళి మా నాయన చదివేసిన పేపరు మీద గీతలు గీసీ గీసీ వేళ్ళు నొప్పి పుట్టించుకునేదాన్ని. పైగా నూర్జహాన్ మంచిది. తన రబ్బరు నాకిచ్చేది, గిన్నెలో మూడు గింజల కాయ దొరికితే నావైపు తోసేది. కాస్త పొగరుదైనా అయ్యుంటే నాకు అంత కష్టంగా ఉండేది కాదేమో.

కొండకు ఏడంతస్తులు. ఆరు ఎక్కేశాం. ఆరింటికీ దారి కనిపెట్టింది నేను. ఏడోదానికి ముందు, శనివారం సాయంత్రం సార్ బీరువా తెరిచి, దళసరి తెల్ల కాగితం ఒకటి తీశారు. మంచి బొమ్మలకు మాత్రమే ఆయన వాడే కాగితం అది. దాన్ని నూర్జహాన్ ముందు పరిచి, "కడాది, ఏడోది, నువ్వు గీయమ్మా" అన్నారు.

"మరి నేను సార్?" అన్నాను.

"నువ్వు దారి చెప్పు."

అందులో సగం గౌరవం నాకుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా చెవికి, నువ్వు గీయడానికి పనికిరావు అన్నట్టే వినిపించింది. ఆ సాయంత్రం ఆట పుత్తూరులో ఆపింది నూర్జహాన్. "పుత్తూరులో పెట్టినాం" అని పైకి చెప్పి, నోట్‌బుక్‌లో పుత్తూరు, పక్కన నూ అని గుండ్రంగా రాసింది. ఆ అక్షరం కూడా అందంగానే ఉంది, దాని దుంపతెగ.

మర్నాడు కావాలనే తొందరగా వెళ్ళాను. సార్ రోజూలాగే అలిపిరి దాకా నడకకు పోయి ఉన్నారు. అమ్మ నన్ను కూర్చోబెట్టి చెనక్కాయలు ఇచ్చి, పెరట్లో బట్టలు తీయడానికి వెళ్ళింది. టీవీ పెట్టాను. రెండో చోటు, నాలుగో వరుస. తెర ఏదో అడిగింది. చదవడం రాకపోయినా ఏమి అడుగుతోందో నాకు తెలుసు. అవునన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అవునన్నాను. టీవీ ఆపేసి వరండాలోకి వచ్చి, అప్పుడే వచ్చినదానిలా మెట్ల మీద కూర్చున్నాను.

సార్ వచ్చారు, నూర్జహాన్ వచ్చింది, తెల్ల కాగితం పరిచారు, పెన్సిళ్ళు చెక్కారు. టీవీ పెడితే రెండో చోటు ఖాళీ. సార్ నోట్‌బుక్ తీశారు. చివరి వరుసలో నూ అని ఉంది. నూర్జహాన్ లేచి నిలబడింది.

"నేనే సార్. నిన్న పెట్టేటప్పుడు తప్పు నొక్కినట్టుండాను."

"లేదులేమ్మా. దీని లోపల చిన్న బ్యాటరీ ఉంటాది. పాతది కదా, అయిపోయుంటాది" అన్నారు సార్.

బ్యాటరీ అయిపోతే మూడు చోట్లూ పోవాలి. సార్‌ది మొదటి చోటు తెర మీద నిక్షేపంగా ఉంది. అది నాకు కనిపిస్తోంది, సార్‌కీ కనిపిస్తోంది. సరిగ్గా అప్పుడు అమ్మ గిన్నెతో వచ్చి, "సుగుణకు ఇంక చాలు, వచ్చినప్పుడే ఒక గిన్నె తినింది" అంది. టీవీ కింద నేను ఒలిచి పడేసిన తొక్కలు అట్లాగే ఉన్నాయి. సార్ ఆ తొక్కల వైపు చూశారు. నా వైపు ఒక్కసారి చూశారు. నేను తల వంచుకున్నాను. ఆయన చీపురు తెచ్చి, తొక్కలు తనే ఊడ్చి పారేశారు.

నూర్జహాన్ ఆ తరువాత రాలేదు. బడిలో అడిగితే ఇంట్లో పనుందనేది. మూడో ఆదివారం సార్ ఆ తెల్ల కాగితం చుట్టగా చుట్టి, దారం కట్టి నా చేతిలో పెట్టారు.

"ఇది నీకాడ ఉండనీ పాపా. నూర్జహానుది. ఎప్పుడిస్తావో నువ్వే సూసుకో."

అంతే. కోప్పడలేదు, మా నాయనకు చెప్పలేదు. తరువాత మూడేళ్ళు నాకు గీత నేర్పారు. పరిగెత్తే నా గీతను పట్టుకుని, బుజ్జగించి, నడిపించారు. ఈ రోజు నేను ఇళ్ళ ప్లాన్లు గీసి బతుకుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఆ ఆట మళ్ళీ మొదటి నుంచి ఆడాం. ఆరో అంతస్తు దాకా వచ్చాక సార్ టీవీ ఆపేసి, "ఇంక చాలు. ఏడోదానికి కాగితం లేదు" అన్నారు. కాగితం నా పెట్టెలో ఉందని ఆయనకు తెలుసు. నాలుగేళ్ళ కింద ఆయన పోయినప్పుడు కూడా అది నా పెట్టెలోనే ఉంది. పెళ్ళికి నాతో వచ్చింది, మూడు ఇళ్ళు మారింది. ఇవ్వలేకపోయాను. ఇవ్వాలంటే ఎందుకిస్తున్నానో చెప్పాలి కదా.

నూర్జహాన్ ఎక్కడుందో తెలియక కాదు. పెళ్ళయి చిత్తూరులో స్థిరపడింది, జాకెట్ల మీద మగ్గం పని చేసే అంగడి పెట్టింది. మా అత్త, అంటే బావ వాళ్ళ అమ్మ, జాకెట్లన్నీ అక్కడే ఇస్తుంది. ఇంటికి వచ్చినప్పుడల్లా, "ఏం సెయ్యి మే ఆ పిల్లది! దారం మాట్లాడతాది" అని నా ముందు జాకెట్టు పరుస్తుంది. సిగ్గుపడాల్సిన మనిషిని, నాకు మాత్రం అప్పుడూ కుళ్ళే వచ్చేది.

ఆ ఆదివారం బావ దగ్గర మిషన్ తీసుకుని చూశాను. అందులోనూ చెరిపేసే వరుస ఉంది. నొక్కితే ఇంగ్లీషులో స్పష్టంగా అడిగింది. బావ చెప్పాడు, పొరపాటున చెరిపినా కొన్నాళ్ళు ఒక మూల దాచి ఉంచుతుందట, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చట. అది విని నాకు ఏడుపొచ్చింది. ఇప్పటివాళ్ళు ఎంత అదృష్టవంతులు! నా బోటి దౌర్భాగ్యురాలు ఒకతి ఇంట్లో ఉన్నా వాళ్ళకేమీ కాదు.

"బావా, ఇది ఒక్కరోజు నాకియ్యి. చిత్తూరు పోయొస్తా."

"చిత్తూరుకి గేమెందుకు మే?"

చెప్పాను. పన్నెండేళ్ళ కాపురంలో చెప్పనిది ఆ పూట చెప్పాను. బావ నవ్వలేదు. కొండ ఏడో అంతస్తు ఎక్కే ముందు పుత్తూరులో ఆట ఆపి, మిషన్ నిండా చార్జింగు పెట్టి ఇచ్చాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి నూర్జహాన్ అంగడిలో మగ్గానికి గుడ్డ బిగించి కూర్చుని ఉంది. కాస్త ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. "సుగుణా! నువ్వా! రా, కూర్చో" అని స్టూలు లాగింది. మిషన్ తీసి, గడ్డం తాత ఇంట్లో కుర్రవాడికి కట్టు కట్టించాను. ఆరు స్వరాలు మోగాయి.

"పుత్తూరు!" అంది నూర్జహాన్. సూది పక్కన పెట్టేసింది. కళ్ళు నిండాయి. "ఇది ఇంకా ఉండాదా? అబ్బ, ఎంత బాగుండాది! ఆ పొద్దు నేనే కదా అంతా చెరిపేసింది. సార్ మొహం చూడలేక రావడం మానేసినాను. ఈ పొద్దుకీ ఫోన్లో ఏదన్నా చెరపాలంటే నేను నొక్కను. బిడ్డల చేత నొక్కిస్తా."

"నువ్వు కాదు నూర్జహాన్. నేను."

మొత్తం చెప్పాను. చెనక్కాయల తొక్కలతో సహా చెప్పాను. ఆమె విన్నంతసేపూ గుడ్డ మీద వేలితో ఒకే చోట రుద్దుతూ ఉంది.

"బొమ్మలు మానేసినాను తెల్సా నీకు? నా చెయ్యి మంచిది కాదనుకున్నా. ఈ డిజైన్లు చూసినావా? ఒక్కటీ నాది కాదు. వేరేవాళ్ళు గీసిస్తే దాని మీద కుడతా. పాతికేండ్లు, సుగుణా!"

ఆమె గుడ్డ మీది వేలు తీసి నా వైపు తిరిగింది.

"సార్‌కి తెల్సా?"

"తెలుసు. ఆ పొద్దే తెలుసు."

"తెలిసి కూడా నా ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేకపోయినాడా?" ఆమె గొంతు పెరిగింది. "ఎందుకు చెప్తాడులే. ఆయనకి నువ్వంటేనే ఇష్టం. గీత పరిగెత్తతా ఉండాదని నీకు చెప్పినాడు, మూల బాగలేదని నీకు చెప్పినాడు. నాతో ఎప్పుడన్నా ఒక్క మాట మాట్లాడినాడా? కాగితం ఎత్తి చూసేది, కింద పెట్టేది. బాగుందనీ లేదు, బాగలేదనీ లేదు. నీతో మాట్లాడినట్టు నాతో మాట్లాడితే చాలని ఎంత ఏడ్చినానో నీకేం తెల్సు!"

ఆయన నన్ను కాపాడిన పద్ధతి ఆమెకు చేసిన అన్యాయమని ఆ క్షణం దాకా నేను ఆలోచించనే లేదు. ఆయన మంచివారే. నాకు మాత్రమే మంచివారు. ఈ మాట ఆయన గురించి రాయడం నాకు బాధగానే ఉంది, అయినా రాయకపోతే నా రాత మళ్ళీ అబద్ధమవుతుంది. నిజం చెప్పడం నా చేతికి వదిలారు. నేను పాతికేళ్ళు నాన్చాను.

సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. దారం పుటుక్కున తెగింది. నూర్జహాన్ దాన్ని విప్పి, గుమ్మం వైపు తిరిగి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. అచ్చం సార్ పట్టుకున్నట్టే. అంచులు పచ్చబడ్డాయి, మధ్యలో మడతలు. చాలాసేపు చూసింది. నన్ను వెళ్ళిపొమ్మంటుందనుకుని చెప్పుల కోసం కాలు చాపాను.

ఆమె మగ్గం పక్కకు జరిపి, కాగితం బల్ల మీద పరిచి, నాలుగు మూలలా దారపు ఉండలు పెట్టింది. డిజైన్లు దిద్దే పెన్సిల్ తీసి మొన చూసుకుంది. నా ముఖం చూడకుండానే అంది.

"దారి చెప్పు."

మిషన్‌లో మ్యాపు దానంతటదే గీసుకునేది ఆపేశాను. ఏడో అంతస్తు నాకూ కొత్తే. తప్పు సందుల్లో దూరాను, దొంగ తలుపులకు గుద్దుకున్నాను, అలిపిరి కోతి రెండుసార్లు సామాను లాక్కుపోయింది. ఎడమకు నాలుగడుగులు, పైకి తొమ్మిది అని చెబుతూ పోయాను. మొదటి నాలుగు గీతలు వణికాయి. ఐదోది వణకలేదు. పైకి చేరేసరికి అంగడి ముందు ఎండ తగ్గింది. నూర్జహాన్ కాగితం మూలన చిత్తూరు అని రాసింది. పక్కన నూ వేసి, కాస్త ఆగి, సు కూడా వేసింది. క్షమించానని అనలేదు. మళ్ళీ రమ్మనీ అనలేదు. నేనూ అడగలేదు.

కాగితం ఆమెకే ఇచ్చి బస్టాండుకు నడిచాను. ఇంక నా పెట్టెలో సార్ వస్తువేదీ లేదు. చేతిలో మాత్రం ఆయన నడిపించిన గీత ఉంది, రేపు పొద్దున్నే ఆ మెట్లు ఏ మూలన పెట్టాలో తేల్చాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటే నూర్జహాన్ గీసిన ఏడో అంతస్తు కనిపించింది. పాతికేళ్ళు సొంతంగా ఒక్క బొమ్మా గీయని మనిషి, ఎక్కడా తొందరపడకుండా, మూల దగ్గర ఎంత హాయిగా తిప్పింది! నేను రోజూ గీస్తాను, నాకు ఒక్కరోజూ అట్లా రాలేదు. కాగితమైతే చిత్తూరులో వదిలేసి వచ్చాను గానీ, కుళ్ళు మాత్రం నాతోపాటే తిరుపతి బస్సెక్కింది.